ఊడ్పులనాటి నీళ్ల రంగు

మా మామయ్య పోయారు. వరి నాట్లు వేసే ఊడ్పుల రోజుల్లో ఒక ఉదయం అత్తయ్య ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటు. నేను రిసీవర్ చేత్తో పట్టుకునే వంటింట్లో ఉన్న అమ్మకి చెప్పాను. అమ్మ స్టవ్ కట్టేసింది. రాజమండ్రిలో బస్సెక్కి మామయ్య ఊరు బయల్దేరాం.

మామయ్య అమ్మకి తమ్ముడు. కోనసీమలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేశారు. వేసవి సెలవుల్లో నాకూ బొమ్మలు నేర్పేవారు. నేర్పడమంటే కాలవగట్టు మీద నడిపించి, ఇంటికొచ్చాక వెయ్యమనడమే. ఎదురుగా కూర్చుని వేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "ఉన్నది రేపైనా వేసుకోవచ్చమ్మా, పోయేదాన్ని ముందు వెయ్యి" అనేవారు. రంగు కలిపే ముందు కళ్లు మూసుకుని, బురద చిక్కదనం చూస్తున్నట్టు వేళ్లు రాసుకునేవారు. "మీ మామయ్య ఇంట్లో కూర్చునే వ్యవసాయం చేసేస్తారు" అని అత్తయ్య వెక్కిరించేది.

తాతయ్య తన పొలంలో కొంత అమ్మకి పసుపు కుంకుమ కింద ఇచ్చారు. మిగిలింది మామయ్యది. మధ్యలో ఒక గట్టు. చుట్టుపక్కల వాళ్లంతా రొయ్యల చెరువులకి ఇస్తున్న రోజుల్లో మామయ్య కూడా తన చేను లీజుకిచ్చారు. అమ్మని అడగలేదు. చెరువులో పెట్టిన ఉప్పునీటి ఊట గట్టు దాటింది. ఆ ఏడు అమ్మ చేలో వరి వెన్ను తీయకుండానే ఎర్రబడి ఎండిపోయింది. "నాన్న ఇచ్చిన పసుపు కుంకుమలో ఉప్పు పోశాడు" అంది అమ్మ. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడటం మానేసింది. కొన్నాళ్లకి తెగులొచ్చి రొయ్యలూ పోయాయి, రెండు చేలూ దేనికీ పనికిరాకుండా మిగిలాయి. నాకు మామయ్య మీద కోపం ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది. మనిషి పోయినంత మాత్రాన చేలో ఉప్పు పోదు కదా.

అయినా దీపావళి వెళ్లిన విదియ నాడు, భగినీ హస్త భోజనానికి, ఆయన ఏటా వచ్చేవారు. ఆ రోజు తోబుట్టువు చేతి అన్నం తినాలి. వచ్చినవాణ్ని తినకుండా పంపకూడదు. అమ్మ అన్నీ వండేది, విస్తరి వేసేది, వడ్డించేది. మాట మాత్రం నాతోనే. "కంద బచ్చలి ఇంకాస్త వేయించుకుంటాడేమో అడగవే." ఆయనా నాతోనే, "చాలని చెప్పమ్మా." ఎదురెదురుగా ఉన్న ఇద్దరికీ మధ్య నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిని.

రిటైరయ్యాక మామయ్య మిగతా బొమ్మలన్నీ మానేశారు. ఆ చేనొక్కటే, చెరువు కాకముందు ఉన్నట్టుగా, మళ్లీ మళ్లీ వేసేవారు. కిందటేడు విదియకి వస్తూ ఒకటి తెచ్చి, గోడకి ఆనించి, విస్తరి ముందు కూర్చున్నారు. ఊడ్పులవుతున్న చేను, గట్టు మీద తాతయ్య. నెయ్యి వడ్డిస్తున్న అమ్మ ఆగిపోయింది.

"నాన్న గొడుగు తగిలించేది తుమ్మచెట్టుకిరా. తాడిచెట్టుకి కాదు."

మామయ్య చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. "ఇంకా ఏం తప్పుందక్కా?" అన్నారు మెల్లిగా.

అమ్మ చాలాసేపు చూసింది. "నీళ్లు. ఊడ్పుల నీళ్లు అంత లోతుగా ఉండవు, అలా తళతళలాడవు. నువ్వేసింది చెరువు."

ఆయన మొహం పాలిపోయింది. అక్క ఇన్నేళ్లకి మాట్లాడిందన్న సంతోషం కూడా మిగల్లేదు. వెళ్లేటప్పుడు బొమ్మ చంకన పెట్టుకుని, గుమ్మంలో నాతో అన్నారు: "చేను నేనే ఇచ్చేశాను, సరే. మనసులోంచి కూడా పోయిందేంటమ్మా?"

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. "అమ్మనడుగమ్మా, ఆ నీళ్లు ఏ రంగులో ఉండేవి?" అమ్మ పక్కనే నిలబడి వినేది. "ఫోన్లో చెప్పేది కాదని చెప్పు. విదియకి వస్తాడుగా, కూర్చోబెట్టుకుని చెబుతాను" అనేది. ఆ గొంతులో కోపం లేదు. తమ్ముడితో మాట్లాడుకోవడానికి ఒక మాట దాచుకుంటోందని అర్థమై, నేనూ ఒత్తిడి చెయ్యలేదు. మామయ్య మాత్రం ఆగలేకపోయారు. రోజూ రంగు కలపడం, పారబొయ్యడం, మళ్లీ కలపడం. అన్నం కూడా సరిగ్గా తినేవారు కాదని అత్తయ్య చెప్పింది.

మేం వెళ్లేసరికి ఆయన్ని వసారాలో చాప మీద పడుకోబెట్టారు. పక్క గదిలో బల్ల మీద బొమ్మ ఉంది. తుమ్మచెట్టు వచ్చింది, దానికి గొడుగు వచ్చింది, నడుం వంచి నారు ఊడుస్తున్న ఆడవాళ్లు వచ్చారు. నీళ్లుండాల్సిన చోట తెల్ల కాగితం అలాగే ఉంది.

అమ్మ దాన్ని చూసి వచ్చి, ఆయన తల దగ్గర కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. చెవి దగ్గరకి వంగి, "బియ్యం కడిగిన నీళ్లలో కాలవ ఎర్రనీరు కలిసినట్టుండేవిరా తమ్ముడూ. దిగితే మన పాదాలు మనకే కనపడేవి కావు" అని మొదలుపెట్టింది. స్నానం చేయించడానికి మగవాళ్లు వచ్చి నిలబడ్డారు. అమ్మ జరగలేదు. గాలొచ్చినప్పుడు ఆ నీళ్లు ఎలా కదిలేవో, ఆయన మొహం మీదుగా అరచేయి ఆడిస్తూ చెబుతూనే ఉంది.