విమలక్క పేరు పెట్టని పిల్లాడు

నిన్న సాయంత్రం ఫోన్ ఎత్తగానే "విమలక్క పోయింది" అన్నారు.

"ఏ విమలక్క?" అని అడిగాను. నాకున్నది ఒక్క విమలక్కే. అయినా అలా అడిగేశాను.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

2000ల మొదట్లో నాంపల్లిలో వాళ్ళింటి పై గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆదివారం అక్క చర్చి నుంచి వచ్చేసరికి, నేను ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏదో ఒక సీడీ కొనుక్కొచ్చేవాణ్ణి.

ఒకసారి కరాటే సినిమా అనుకుని తెచ్చాను. పెట్టి చూస్తే కొరియన్ థ్రిల్లర్! ఒక్క ఫైట్ లేదు. వాన, బురద, శవం.

తీసేయబోతే, "ఉండనీయ్ రా, జర చూద్దాం" అంది.

అంతే, అక్కకి పిచ్చి పట్టింది. ఇక ప్రతి ఆదివారం అవే కావాలి.

ఆ భాష రాదు, ఆ దేశం తెలియదు. సబ్‌టైటిల్స్ నిండా తప్పులు. పేర్లేమో నోరు తిరగవు. అందుకని అక్క అందరికీ మన పేర్లు పెట్టేసేది. లావుపాటి ఇన్‌స్పెక్టర్ యాదగిరి సారు. హంతకుడు సుధాకర్.

"గీ యాదగిరి సారు ఏందిరా, ఎప్పుడు చూసినా తింటనే ఉంటడు! శవం పక్కన నూడుల్స్ ఎట్ల దిగుతయ్ రా?"

పడీ పడీ నవ్వేవాళ్ళం. కానీ చూశాక నాకు నిద్ర పట్టేది కాదు. మన సినిమాల్లో చివరికి విలన్ చస్తాడు, మనం హాయిగా ఇంటికెళ్తాం. వీళ్ళు అలా వదలరు.

ఒక సినిమాలో స్కూలు పిల్లాడు తప్పిపోతాడు.

"అక్కా, వీడికేం పేరు?"

"వీనికొద్దు."

అప్పుడు గుర్తొచ్చింది. జానీ. అక్క తమ్ముడు. వీధిలోవాళ్ళు చెప్పగా విన్నాను. తొంభైల్లో, ఇంటర్ చదివేటప్పుడు, ఆబిడ్స్ దాకా పోయొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. కబురు లేదు. శవమూ దొరకలేదు. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

సినిమా అయిపోయింది. పిల్లాడు ఏమయ్యాడో చెప్పనే లేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం సినిమా అక్కా, ఎండింగే లేదు!"

అక్క టీవీ వైపే చూస్తూ అంది. "ఉంది గదరా. వాళ్ళమ్మ ఇంకా గేటు దిక్కే చూస్తున్నది. గదే ఎండింగ్."

నేను సీడీ తీసి కవర్లో పెట్టాను.

తర్వాత ఇల్లు అమ్మమని ఎంతమంది అడిగారో. అక్క ఒప్పుకోలేదు. మొన్నీమధ్య ఫోన్‌లో నేనూ అన్నాను, ఒక్కదానివే ఎందుకక్కా అని.

"అమ్మితే వాడు ఏ ఇంటికొస్తడు రా?"

ఈ మాటే నిన్నటి నుంచి చెవుల్లో తిరుగుతోంది. ఇప్పుడు నిజంగా వస్తే, తలుపెవరు తీస్తారు?

జానీ అక్కడున్నాడో, ఇక్కడే ఎక్కడైనా ఉన్నాడో నాకు తెలియదక్కా.

అక్కడ కనిపిస్తే మాత్రం పేరు పెట్టి పిలువు. గట్టిగా పిలువు.

కనిపించకపోయినా, ఇక గేటు వైపు చూడకు. నీ ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండు.

వెళ్ళిరా, విమలక్కా.