పక్క చుక్క

ఆఫీసులో ఆవిడకు భూతద్దం అక్క అని పేరు. వేధశాలలో కిటికీ లేని కింది గదిలో కూర్చుని, గాజు పలకల మీద తీసిన ఆకాశం ఫొటోలు చూడటమే ఆవిడ ఉద్యోగం. ఆ ఫొటోల్లో ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉంటాయి. వాటిలో ఒకటి క్వేజార్. ఎక్కడో దూరాన ఒక గెలాక్సీ నడిబొడ్డున కృష్ణబిలం చుట్టూ ఉన్నదంతా మింగుతుంటే పుట్టే వెలుగు అది. మేత దొరికితే పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. దానికి వేళాపాళా లేదు. పక్కనున్న మామూలు చుక్కతో పోల్చి ఆవిడ దాని వెలుగు ఎంతో చెప్పాలి.

కన్ను మారితే అంచనా మారుతుందని పెద్దసారు పట్టుదల. అందుకే మొదలుపెట్టిన మనిషే చివరిదాకా చూడాలి. “తగ్గడం చూశాం. మళ్ళీ పెరగడం ఒక్కసారి చూస్తే చాలమ్మా, నీ బదిలీకి సంతకం పెట్టేస్తా” అన్నాడాయన. ఆ మాట పట్టుకుని ఉండగానే ఆవిడ జుట్టు నెరిసింది. భర్త రేవు పట్టణంలో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. సొంత పెళ్ళాం దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాడు పాపం.

ఆ రోజు కొత్త పలక మీద క్వేజార్ పక్క చుక్కను మించి కనిపించింది. పెద్దసారు అక్కడికక్కడే బదిలీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆవిడ పరుగున వచ్చి ఫోన్ చేసింది.

“ఏవండీ, పెరిగిందండీ!”

“నీ సవతికి ఇన్నాళ్ళకు దయ కలిగిందన్నమాట! ఉండు, వంటింటికి రంగు వేయిస్తా.”

పలకను కవరులో పెట్టబోతూ, ఇక సెలవు అన్నట్టు మిగతా చుక్కల్ని కూడా ఓసారి చూసింది. చూడకపోతే పోయేది. వాటితో పోల్చి చూస్తే క్వేజార్ ఎప్పటిలాగే ఉంది. తగ్గింది పక్క చుక్క. ఇన్నేళ్ళూ కొలబద్దగా నమ్ముకున్నదే నిలకడ లేనిదని తేలింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఈ గదిలో మరో కన్ను లేదు. తనను తాను తిట్టుకుంటూనే మెట్లెక్కింది.

“సార్, క్వేజార్ పెరగలేదు. పక్క చుక్క తగ్గింది.”

ఆయన కోప్పడినా బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇంకెవరైనా అయితే నోరు మెదిపేవాళ్ళు కాదు. ఇలాంటి కన్నును ఎలా వదులుకోనమ్మా?” అంటూ బదిలీ కాగితం కోసం చెయ్యి చాపాడు. “ఇంకో చుక్కను ఎంచుకో. మొదటి పలక నుంచి మళ్ళీ చూద్దాం.”

కిందికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

“ఇదిగో, వంటింటికి ఏ రంగు వేయించమంటావ్?” అన్నాడు భర్త హుషారుగా.

ఆవిడ మొదటి పలక ఉన్న కవరును దగ్గరికి లాక్కుంది.

“ఉండేది మీరొక్కరేగా. మీకు నచ్చిందే వేయించుకోండి.”