అమీన్ సాబ్ చంక కింది ఒర

అది 1946 ఎండాకాలం. సిద్దిపేట బజారులో సర్కారు ధాన్యం గోదాముకు ఎదురుగా నా తోలుపని కొట్టు ఉండేది. వయసులో ఉన్నప్పుడు లష్కర్‌లో, తెల్లదొరల పటాలం ఉండే చోట, గుర్రపు జీన్లు కుట్టే కార్ఖానాలో పని నేర్చుకుని వచ్చాను కాబట్టి జీను, కళ్లెం, బెల్టు, పెట్టె పట్టీ, ఏది తెగినా నా దగ్గరికే వచ్చేది. పని ఉండేది గాని ఓపిక ఉండేది కాదు. ఊళ్లో ఎవరికీ లేదు. లెవీ పేరుతో సర్కారు పల్లెల నుంచి ధాన్యం తోలుకొస్తుండేది. రోజూ బండ్లు వచ్చేవి, బండ్ల వెనక తిట్టుకుంటూ రైతులు వచ్చేవారు. చూసి చూసి నాకు విసుగెత్తింది.

మా ఆవిడ లచ్చవ్వ పుట్టినిల్లు వేములఘాట్. ఆమె తమ్ముడు ఎల్లయ్యకు అక్కడ కొంచెం జొన్న చెలక ఉంది. వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏ బండి వెనక వచ్చి ఎవరి మీద చెయ్యి చేసుకుంటాడో, ఏ జవాను వాణ్ని కాల్చిపడేస్తాడో అని లచ్చవ్వకు కంటి మీద కునుకు ఉండేది కాదు.

అటువంటి రోజుల్లో ఠాణా పెద్ద అమీన్ సాబ్ నా కొట్టుకు వచ్చాడు. నడివయసు దాటిన మనిషి. నడుం పట్టుకుని, పళ్లు బిగబట్టి, నా పీట మీద కూలబడ్డాడు.

"ఉస్తాద్, గుర్రం మీదికెళ్లి పడ్డప్పటి సంది నడుం మీద బరువు ఆగుతలేదు. గీ పిస్తోలు సూడు, సేరు కంటె ఎక్కువే తూగుతది. ఇది లేకుంట నౌకరీ లేదు. నౌకరీ ఇడిసి వజీఫా తీసుకునేటందుకు ఇంక రెండేండ్లున్నది. దీన్ని నడుం మీదికెళ్లి తీసి ఏడనన్న పెట్టే ఉపాయం చెప్పు."

ఉపాయం నాకు తెలుసు. లష్కర్‌లో దొరలు షోల్డర్ హోల్‌స్టర్ అనేవారు. అంటే భుజాలకు పట్టీలు వేసి రివాల్వర్‌ను చంక కింద వేలాడదీసే ఒర. చూశానే గాని కుట్టలేదు. అయినా కుట్టి ఇస్తానని ఆయనకు మాటిచ్చాను.

ఆ సంగతి విని లచ్చవ్వ అన్నం గిన్నె నా ముందు ఠపీమని పెట్టింది.

"నా తమ్ముడు బండ్లెంబడి తిరుగుతుంటే, నువ్వు వాణ్ని కాల్చేటి తుపాకికి పరుపు కుడ్తున్నవా?"

"నేను కుట్టకుంటే తుపాకి కాలకుంట ఉంటదా?"

"ఉండదు. గని నీ చేతిది గాకుంట ఉంటది."

ఠాణా పెద్దకు కాదని చెప్పి బజారులో కొట్టు నడిపే ధైర్యం నాకు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిన్నాననిపించి లేచి పనిలో కూర్చున్నాను.

మొదటి ఒర కుదరలేదు. ఒకే సన్నపట్టీ మెడ మీదుగా వేశాను. బరువంతా మెడనరం మీద పడి, నాలుగు రోజులకే ఆయన తల తిప్పలేకపోయాడు. కాడి సన్నగా ఉంటే ఎద్దు మెడ పుండవుతుందని ఏ రైతును అడిగినా చెప్తాడు. జీన్లు కుట్టినవాణ్ని, నాకు తట్టకపోవడమే సిగ్గు. రెండోసారి అరచేయంత వెడల్పు పట్టీలు కోసి, లోపల నమ్దా, అంటే ఒత్తిన ఉన్ని మెత్త వేసి, వీపు మీద కత్తెరలా దాటుకుని పోయేటట్టు రెండు భుజాలకూ పంచాను. దీన్ని హార్నెస్ అంటారు. ఎడమ చంక కింద రివాల్వర్, కుడి చంక కింద తూటాల సంచి. ఒక పక్క బరువుకు ఇంకో పక్క బరువు సరిపోయి భుజాలు తేలికపడ్డాయి. ఆయన దాన్ని కొన్నాళ్లు వేసుకుని తిరిగాడు. అయితే గుర్రం దౌడు తీస్తే ఒరలో రివాల్వర్ ఊగి పక్కటెముకలకు కొట్టుకునేది.

"సుఖంగనే ఉన్నది ఉస్తాద్, గని పోకిరి పోరని లెక్క ఒక్క జాగల ఉంటలేదు" అన్నాడు.

ఇక మిగిలింది వెట్ మోల్డింగ్. నానబెట్టిన తోలు సంచిలోకి ఆయుధాన్నే దూర్చి, తూటాల చక్రం చుట్టూ, గొట్టం చుట్టూ ఎముక ముక్కతో ఒత్తి, అలాగే నీడలో ఆరనివ్వాలి. ఆరితే తోలు ఆ ఆకారం పట్టేసుకుంటుంది, ఇక కదలదు. ఆరకముందు తీశామా, మూతి సాగిపోయి మొత్తం పనికిరాకుండా పోతుంది. పొద్దున పెడితే సాయంత్రం దాకా ఆగాలి. సర్కారు రివాల్వర్‌ను తోలుపనివాడి దగ్గర వదిలి వెళ్లకూడదు కాబట్టి, ఆ రోజంతా అమీన్ సాబ్ నా కొట్లోనే కూర్చోవాలి. ఒప్పుకున్నాడు. తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. రివాల్వర్‌కు నూనెగుడ్డ చుట్టి ఒరలో దిగగొట్టాను. ఆయన ఖాళీ హార్నెస్ మీద కోటు తొడుక్కుని, గోడకు ఆనుకుని కళ్లు మూశాడు. పాపం, మనిషి అలసిపోయి ఉన్నాడు.

మధ్యాహ్నం బజారులో అరుపులు లేచాయి. ఒక జవాను ఉరికొచ్చాడు.

"సాబ్, వేములఘాట్ బండ్లొచ్చినయి. రైతులు ఎడ్లను ఇడిసిపెట్టి గోదాం కాడ అడ్డం కూసున్నరు!"

నేను బయటికి తొంగిచూశాను. ముందు వరుసలో, తలకు తువ్వాల చుట్టుకుని, మా ఎల్లయ్య. కొట్టు వెనక మా ఇంట్లోకి పోయే గుమ్మంలోంచి లచ్చవ్వ కూడా చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

అమీన్ సాబ్ లేచాడు. "కోసి తియ్యి" అన్నాడు నాతో.

తోలు కోసే కత్తి, రంపె, చేతిలోకి తీసుకున్నాను. తడితోలు అప్పటికే బిగిసి రివాల్వర్‌ను పట్టుకుంది. ఒక్క గీత గీస్తే ఊడొస్తుంది.

"కోస్తే ఇది పోయినట్లే సాబ్. గిసొంటి తోలు మళ్ల తంగేడు చెక్కల నాని రావాల్నంటె రెండు నెలలు. గప్పటిదాంక మళ్ల నడుం మీదనే."

అందులో అబద్ధం లేదు. కాని ఆ మాట నేను తోలు కోసం అనలేదు. ఆయన నా మొఖం చూశాడు, ఒరను చూశాడు. చెయ్యి దానంతట అదే నడుం మీదికి పోయింది. ఒక్క నిట్టూర్పు విడిచాడు.

"ఉండనియ్. ఇంకో రెండు నెలలు నాతోని గాదు."

దయ వల్ల కాదు, ధైర్యం వల్ల కాదు. ఒళ్లు నొప్పికి భయపడి ఆ మనిషి రివాల్వర్ లేకుండా గుంపులోకి పోయాడు.

పోయి, లెమ్మన్నాడు. వాళ్లు లేవలేదు. జవాను ఒకడు ఒక ముసలాయనను రెక్క పట్టి గుంజాడు. అంతే, ఎల్లయ్య రాయి అందుకుని విసిరాడు. అది జవానుకు తగలకుండా అమీన్ సాబ్ కనుబొమ మీద తగిలింది. రక్తం బొటబొటా కారింది. ఆ క్షణం నేను చూసింది ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయన కుడిచెయ్యి మెరుపులా కోటు లోపలికి, ఎడమ చంక కిందికి పోయింది. అక్కడేమీ లేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎల్లయ్య కూడా ఆ చెయ్యి చూసి కొయ్యబారిపోయాడు.

జవాన్లు లాఠీలెత్తారు.

"ఆగున్రి!" అని అరిచాడు అమీన్ సాబ్. చెయ్యి బయటికి తీసి, అది తనది కానట్టు చూసుకున్నాడు. తర్వాత బండి నొగ మీద కూర్చున్నాడు. "ఎందుకు కొట్టినవు బిడ్డా?"

ఎల్లయ్య బండి మీది బస్తాల వైపు చెయ్యి చూపించాడు. "ఇత్తులు సాబ్. తినేటియి కొలుసుకపోయిన్రు, ఊకున్నం. ఇప్పుడు ఇత్తునాల జొన్నలు గూడ ఊడ్సుకొచ్చిన్రు. ఆన పడ్తే మన్ను సల్లాల్నా?"

అమీన్ సాబ్ కంటి మీది రక్తం తుడుచుకుని బస్తాల వైపు చూశాడు. చివరికి, "ఇత్తునాల బస్తాలు దింపున్రి. పైనోళ్లకు నేను చెప్పుకుంట" అన్నాడు. ఎవరినీ పట్టుకోలేదు. రైతులు బస్తాలు వీపుకెత్తుకుని, నమ్మలేక వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయారు.

ఆయన మళ్లీ నా కొట్టుకు వచ్చి కూర్చున్నాడు. లచ్చవ్వ పసుపు తెచ్చి గాయానికి అద్దింది.

"ఉస్తాద్, నా చెయ్యి ఏడికి పోయిందో సూసినవా?"

"సూసిన సాబ్."

"తూటాలు నింపి చంకల ఉన్నదే అనుకో, గా పోరడు ఇప్పుడు ఉండకపోవు. నేను అనుకోనే లేదు. చెయ్యే పోయింది."

లచ్చవ్వ పసుపు గిన్నె కింద పెట్టింది. "గా పోరడు నా తమ్ముడు సాబ్" అంది.

ఆయన ఆమె వంక చూసి తల దించుకున్నాడు. చెంబులో నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, నాతో అన్నాడు:

"సుఖంగ ఉండాలె. కదలకుంట ఉండాలె. గని పిస్తోలు జల్దిన బయటికి రావొద్దు. గట్ల కుడ్తవా?"

సాయంత్రానికి ఒర ఆరింది. అద్దినట్టు కుదిరింది. మామూలుగా మూతికి నొక్కుడు గుండీ పెడతారు, బొటనవేలితో తోస్తే ఊడిపోతుంది. దాన్ని పెట్టలేదు. మందపాటి పట్టీ వేసి, గుర్రపు కళ్లేనికి వాడే ఇత్తడి బకిలీ బిగించాను. అది ఊడాలంటే రెండు చేతులు కావాలి. దారానికి మైనం లచ్చవ్వే పట్టింది.

అమీన్ సాబ్ తొడుక్కున్నాడు, వంగాడు, తిరిగాడు. రివాల్వర్ ఇసుమంత కదలలేదు. "నడుం హాయిగున్నది" అని మొదటిసారి నవ్వాడు. ఆపైన కోటు సర్దుకుని, కోపం వచ్చినవాడిలా చెయ్యి లోపలికి దూర్చాడు. పట్టీ దొరికింది, జారింది. రెండో చెయ్యి కూడా దూర్చాల్సి వచ్చింది. నాలుక కరుచుకుని, బకిలీ పీకి, ఎట్టకేలకు ఖాళీ రివాల్వర్ బయటికి తీశాడు.

"ఎంత సేపు పట్టింది?" అని అడిగాడు.

నేను లెక్క పెట్టలేదు. గుమ్మంలోంచి, బయటి సందు మలుపు దిక్కు చూస్తూ, లచ్చవ్వ చెప్పింది:

"మా ఎల్లడు ఈడికెళ్లి ఉరికి గా సందు మలిగేటంత సేపు."

"బస్. గంతే కావాలె" అని ఆయన కోటు గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు.

విత్తనాల బస్తాల సంగతి పైవాళ్లకు నచ్చలేదు. ఆ వానాకాలం రాకముందే ఆయనను ఎక్కడికో బదిలీ చేశారు. సుఖం, నిలకడ, ఈ రెండే మంచి ఒరకు గుణాలని నాకు లష్కర్‌లో నేర్పారు. అవి తప్పులేదు, కాని చాలవు. ఆ తర్వాత ఎవరు ఒర కుట్టమని వచ్చినా, భుజాల కొలత తీసుకున్నాక, నా కొట్టు నుంచి ఆ సందు మలుపు దాకా ఒకసారి చూసి గాని తోలు మీద రంపె పెట్టలేదు.