పిళ్ళైచావడి ఇసుక లెక్క

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూలైలో, నన్ను మా విశ్వవిద్యాలయంలోని గణన విజ్ఞాన విభాగానికి సిస్టమ్ అనలిస్టుగా మార్చారు. హోదాలో ప్రొఫెసర్లకు కింద, అటెండర్లకు పైన. మూలకుళంలో మా పక్కింటాయన మాత్రం "కంప్యూటర్లు బాగుచేస్తారు కదా?" అని అడుగుతూనే ఉండేవాడు. కాదని నచ్చజెప్పడానికి నాకు ఆ మూడేళ్లూ చాలలేదు.

మేం చేసేది ఇది. కొన్ని ప్రశ్నలకు ప్రయోగశాలలో జవాబు దొరకదు. సముద్రాన్ని బల్ల మీద పెట్టలేం, ఇరవై ఏళ్లు ఒడ్డున కూర్చోనూ లేం. అందుకని అలలూ ఇసుకా నడిచే తీరును సమీకరణాలుగా రాసి, ఆ ఇరవై ఏళ్లనూ కంప్యూటర్ చేత ఒక పూటలో నడిపిస్తాం. దాన్నే సిమ్యులేషన్ అంటారు.

ఆ ఏడాది సుజాత అనే యానాం అమ్మాయి పిహెచ్.డి. కోసం మా విశ్వవిద్యాలయం పక్కనున్న పిళ్ళైచావడి అనే ఊరి తీరం మీద పనిచేస్తోంది. అక్కడి మత్స్యకారులు వలలు బాగుచేసుకోవడానికి చందాలు వేసుకుని షెడ్డు కట్టుకోబోతున్నారు. ఎక్కడ కడితే నిలుస్తుందని ఆమెనే అడిగారు. సోమవారం జవాబు చెప్పాలి. శుక్రవారం ఫలితం వచ్చింది: ఊరి ముందు ఇసుక ఏటేటా పెరుగుతుంది, ఒడ్డునే భేషుగ్గా కట్టుకోవచ్చు. నేనూ పొంగిపోయాను. తీరం పటాన్ని కంప్యూటర్‌కు ఎక్కించిన ప్రోగ్రాం నాదే మరి.

టీ తెచ్చిన అటెండర్ మునియమ్మ తెర ముందు ఆగింది. ఈ తమిళ నేల మీదే, కోసపాళయంలో, పుట్టి పెరిగిన తెలుగావిడ; చెల్లెల్ని పిళ్ళైచావడిలో ఇచ్చారు. ఆ పసుపు రంగు ఏమిటని అడిగింది. కొత్తగా చేరే ఇసుక అని సుజాత చెప్పింది.

"యాడ చేరతా ఉండాది పాపా? మా చెల్లెలింటికాడ రెండు కొబ్బరి చెట్లు పోయినేడు సముద్రంలో పడిపోయె. మీ మిషను ఒకతూరన్నా వచ్చి చూసిందా, ఏంది?"

సుజాత ముఖం ముడుచుకుంది. అది జరిగిపోయిన సంగతని, ఇది రాబోయే ఏళ్ల లెక్కని చెప్పింది. నాకు మాత్రం మేం వదిలేసిన పని గుర్తొచ్చింది. ముందు గడిచిన పదేళ్లను నడిపి, జరిగినదానితో సరిచూసుకోవాలి. ఈ విద్యలో అది ఓనమాల పాఠం. సోమవారం తరుముకొస్తోందని దాన్ని దాటేశాం. దాటేద్దామన్నది నేనే.

పాత పదేళ్లు నడిపి చూశాం. మా లెక్కలో అప్పుడూ ఇసుకే పెరిగింది. శనివారం మధ్యాహ్నానికి తప్పు దొరికింది. పటంలోని అంకెల వరుసలు ఉత్తరం నుంచి మొదలవుతాయి. నా ప్రోగ్రాం వాటిని దక్షిణం నుంచి చదివింది. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి కట్టిన రాతిగోడ అడ్డుపడితే గోడకు దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. పిళ్ళైచావడి దగ్గర అలాంటి గోడ ఒకటుంది; దానికి ఉత్తరాన ఉన్న ఊరిని నేను దక్షిణానికి తెచ్చి పెట్టాను. బొమ్మ గీసేటప్పుడు మాత్రం వరుసలు మళ్లీ అసలు క్రమంలోనే పడి ఉత్తరం పైనే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు.

ప్రోగ్రాంలో ఒక్క వాక్యం మార్చాం. పాత పదేళ్ల కోత ఉన్నదున్నట్టు వచ్చింది. ముందుకు నడిపితే షెడ్డు కట్టాలనుకున్న చోటు ఆరో ఏటికే నీళ్లలో ఉంది. సోమవారం సుజాత వెళ్లి రోడ్డుకు అవతల కట్టుకోమంది. తప్పు నాదని విభాగంలో ఒప్పుకున్నాను. ఎవరూ మొహమాటానికైనా కాదనలేదు.

చూసిన పదేళ్లను సరిగా చెప్పలేని లెక్కను చూడని ఇరవై ఏళ్ల గురించి అడగకూడదు. ఆ శుక్రవారం జవాబే ఊరికి చేరి ఉంటే షెడ్డు మునిగేది. అందరూ సముద్రాన్నే తిట్టుకునేవారు. నా పేరు ఎవరికీ తెలిసేది కాదు.