అమ్మ యాడిది, నాయన యాడిది అని అడిగిన డాక్టరమ్మ

మొన్న బుధవారం పొద్దున అంగడి తీసి గాజు తొట్లలో నీళ్లు మారుస్తుండగా, డాక్టరమ్మ దగ్గర పనిచేసే కాంపౌండరు ఫోన్ చేశాడు. "డాక్టరమ్మ పోయిందప్పా. తిరుపతి ఆస్పత్రిలో, తెల్లారి ఆరు గంటలకు," అన్నాడు. తర్వాత అతనే, "గేటు కాడ మేకలు తోలుకొని ముగ్గురు కూర్చోనుండారు. వాళ్లకు ఏమని చెప్పాల్నో తెలీడం లేదు. నువ్వు రా," అన్నాడు.

చేతులు తుడుచుకొని బయల్దేరాను. ఆ ముగ్గురికీ విషయం చెప్పింది నేనే. వాళ్లలో పెద్దావిడ మేక తాడు వదలకుండానే కొంగుతో కళ్లొత్తుకుంది. "ఈ మేకను ఈనిన మేకక్కూడా ఆయమ్మే పురుడు పోసింది," అంది.

డాక్టరమ్మ ప్రభుత్వ పశువుల డాక్టరుగా చిత్తూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగినావిడ. రిటైరయ్యాక ఊళ్లో తన ఇంటి వరండాలోనే వైద్యం చేసేది. ఏ జంతువునైనా ముట్టుకునే ముందు ఆమె అడిగే మాట ఒకటే: "అమ్మ యాడిది, నాయన యాడిది?" ఆవైనా, కుక్కైనా సరే. చెప్పలేకపోతే, "పొయ్యి కనుక్కొని రా," అని మందిచ్చి పంపేది. చెబితే పొడవాటి నోటుబుక్కులో రాసుకునేది. పెన్ను జడముడిలో గుచ్చుకొని, అది కనపడక బల్లంతా వెతుక్కునేది. ఆ పెన్ను ఎక్కడుందో ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆమెకు గుర్తొచ్చేది కాదు.

ఆమెతో నా పరిచయం ఒక పాముతో మొదలైంది. నాది కింద పెంపుడు చేపల అంగడి, మేడమీద గదిలో పాములు. మన నేలమీది పాములను పెంచడం నేరం కాబట్టి నావి అవి కావు. ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువలు. విషం ఉండదు. బెదిరితే బంతిలా చుట్టుకొని తల మధ్యలో దాచుకుంటాయి. ప్రభుత్వానికి వివరాలిచ్చి, కాగితాలు దగ్గర పెట్టుకొని పెంచుకోవచ్చు. నా దగ్గర ఒక ఆడది ఉండేది. ఒకసారి దానికి ఊపిరి తీసేటప్పుడు గురగుర శబ్దం మొదలైంది. దిండు గలీబులో వేసుకొని డాక్టరమ్మ వరండాకు పోయాను.

నా వంతు వచ్చింది. సంచిలో ఏముందో చెప్పాను. కూర్చున్న పదిమందీ మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డారు. ఒక ఎనుము మాత్రం నెమరేస్తూ అక్కడే ఉండిపోయింది. డాక్టరమ్మ సంచి మూతి తెరిచి, తల వంచి, చాలాసేపు విన్నది.

"పాముకు నేనెప్పుడూ మందియ్యలేదప్పా," అంది. "నాకు తెలీదు. నాలుగు దినాలియ్యి, తెలుసుకొని చెప్తాను. అంతవరకూ దాన్ని వెచ్చగా పెట్టుకో."

తెలీదు అని అంత మామూలుగా చెప్పిన డాక్టరును నేను అప్పటివరకూ చూడలేదు. మూడో రోజే తన స్కూటర్ మీద మా అంగడికి వచ్చింది. తనతో చదువుకున్నవాళ్లకు ఫోన్లు చేసి, పుస్తకాలు తెప్పించుకొని చదివిందట. పామును తాకే ముందు టీ అడిగింది. ఇష్టమై అడిగిందనుకున్నాను. గ్లాసును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకొని, చేతులు వెచ్చబడ్డాక పామును తీసుకుంది. సూది వేయడం అయిపోయాక, చల్లారిన ఆ టీ తాగింది. "సల్లటి చేత్తో ముట్టుకుంటే నువ్వు మాత్రం ఉలిక్కిపడవా?" అంది. పాము బాగైంది. అప్పట్నుంచి నెలకోసారైనా వచ్చి చూసిపోయేది.

తర్వాత నేను ఒక మగ పామును తెచ్చాను. ఒళ్లంతా సాలెగూడు పరిచినట్టు సన్నటి నల్ల గీతలు, వాటి మధ్య తేనె రంగు. మామూలు పాములకు ఆ అందం రాదు. ఎక్కడో ఎవరో ఆ గీతలున్న వాటినే ఏరి, జతకట్టించి, ఆ రూపం పోకుండా తరాల తరబడి నిలబెట్టుకుంటూ వచ్చారు. దాని తల అప్పుడప్పుడు సన్నగా వణికేది. అమ్మినవాణ్ణి అడిగితే, "కొత్తచోటు గదా, సర్దుకుంటాది," అన్నాడు. నాకూ నమ్మాలనే ఉండింది కాబట్టి నమ్మాను.

ఆ మగదానికీ, మా ఆడదానికీ ఆరు పిల్లలు పుట్టాయి. మూడింటికి సాలెగూడు గీతలు, మూడు మామూలువి. గీతల పిల్లల్లో ఒకటి తల నిలపలేకపోయింది. మేతగా పెట్టిన చిట్టెలుకను అందుకోబోతే మూతి ఇంకో పక్కకు పోయేది. ఒక్కోసారి మెడ మెలితిరిగి, వెల్లకిలా పడి, పైది ఏదో కిందిది ఏదో తెలియనట్టు ఉండిపోయేది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. "ఇదొక్కటే కాదు, ఆరింటినీ తీసుకురా," అంది.

మర్నాడు ఆరు డబ్బాలు ఆమె బల్లమీద వరసగా పెట్టాను. మామూలు పిల్లలు మూడింటికీ పట్టకారుతో మేత చూపించింది. మూడూ సూటిగా అందుకున్నాయి. గీతల వాటిలో మొదటి రెండూ తల ఊపుతూ తప్పాయి. మూడోదాని మీద నాకు ధైర్యం.

"ఇదేం ఊగదమ్మా. బాగుండాది ఇది," అన్నాను.

"సూస్తాం ఉండు."

మేత దగ్గరికి రాగానే దాని తల కూడా సన్నగా ఊగడం మొదలైంది. ఆమె పట్టకారు కింద పెట్టింది. నోటుబుక్కులో తండ్రి నుంచి ఆరు గీతలు గీసి, మూడింటి కింద చుక్కలు పెట్టి నా వైపు తిప్పింది.

"కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. గీతలుండి, తల ఊగనిది మాత్రం ఒకటీ లేదు. నేను సదివిన దాంట్లోనూ అదే ఉండాది. లోపలి చెవి సరిగ్గా తయారు కాదంట. ఒళ్లు యాడుండాదో తలకు తెలీదు. గీతలు వేరే, జబ్బు వేరే కాదప్పా. గీతలు ఇచ్చేదే జబ్బునూ ఇస్తా ఉండాది."

"మందు?"

"లేదు. మళ్లీ పుట్టించకుండా ఉండడమే."

నాకు కోపం వచ్చింది. ఆ పాము కోసం ఎంత తిరిగానో, ఎంతమంది పిల్లలు కావాలని అడుగుతున్నారో చెప్పాను. అంతా విని, "నిన్నటిదాకా చేసిందాన్ని తప్పు అనను, నీకు తెలీదు గాబట్టి. రేపట్నుంచి అట్ల చెప్పుకోలేవు," అంది. నేను డబ్బాలన్నీ సర్దుకొని, వస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను.

ఏడాదిన్నర ఆ వైపు పోలేదు. గీతల పిల్లలు మూడింటినీ అమ్మాను. మరుసటి ఏడు పుట్టిన రెండింటిని కూడా అమ్మాను. కొన్నవాళ్లు తల సంగతి అడిగితే, అమ్మినవాడు నాకు చెప్పిన మాటే వాళ్లకు చెప్పాను. ఇది రాయడం నాకు సులభంగా లేదు. కానీ రాయకపోతే డాక్టరమ్మ ఎలాంటి మనిషో మీకు తెలియదు.

మొదటి విడతలో పుట్టి, అందరికంటే ఎక్కువగా తల ఊగే పిల్లను కొన్నది సత్యవేడులో గది తీసుకొని, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి. ఒక ఆదివారం ఆ అమ్మాయి బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి, ఒళ్లో బుట్టతో మా అంగడికి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"అన్నా, నేనేదో తప్పు చేసినాను. ఒక బుట్ట బదులు ఇంకోటి పెట్టినాను. లైటు మార్చినాను. షిఫ్టుకు పోయినప్పుడు ఒంటరిగా ఉండి ఇట్లయిందేమో అని నైట్ డ్యూటీలు గూడా మానుకున్నాను. అయినా తిండి పట్టుకోలేక పోతా ఉండాది. నా చేతుల్లోనే ఇది పాడైపోయింది."

ఆ అమ్మాయిని స్కూటర్ ఎక్కించుకొని నేరుగా డాక్టరమ్మ ఇంటికి పోయాను. ఆమె వరండాలో కూర్చొని పేపరు చదువుతోంది. ఇన్నాళ్లూ ఏమైపోయావని అడుగుతుందని బెరుకుగా మెట్టు ఎక్కాను. "కాఫీ తాగినారా?" అని అడిగి, లోపలికి పోయి ముగ్గురికీ తెచ్చింది.

పామును చూశాక ఆ అమ్మాయితో, "నీ వల్ల ఏమీ కాలేదమ్మా. ఇది గుడ్డులో ఉండంగానే ఇట్ల ఉండింది," అంది. ఆ మాట విని ఆ అమ్మాయి ఏడ్చేసింది. పాము కోసం కాదు. తన తప్పు కాదని తెలిసినందుకు. అప్పుడు నేనే నోరు విప్పి, నాకు ముందే తెలుసని చెప్పాను. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు.

"ఇంకా ఎంతమందికి ఇచ్చినావు?" అంది డాక్టరమ్మ.

"నలుగురికి."

"నంబర్లు ఉండాయా? సరే. ఈడే కూర్చొని చెయ్యి. నేనూ ఉంటాను."

ఫోన్ స్పీకర్లో పెట్టి ఒక్కొక్కరికీ చెప్పాను. ఇది పుట్టుకతో వచ్చింది, మీరు చేసిందేం లేదు, దీనితో మళ్లీ పిల్లలు చేయించకండి, పెంచలేమంటే నాకు తిరిగివ్వండి అని. ఇద్దరు మెత్తగా విన్నారు. ఒకాయన తన పాము నెలకిందటే చచ్చిపోయిందన్నాడు. వేలూరు నుంచి వచ్చి కొన్నాయన తమిళంలో నన్ను ఎన్ని అనాలో అన్నీ అన్నాడు. నేను ఫోన్ కట్ చేయబోతే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అననీ. ఆయప్ప అనాల్సిందే గదా," అంది మెల్లగా. ఆయన అలసిపోయేదాకా విన్నాను.

అంతా అయ్యాక, తాను ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో చూడముచ్చటైన కోడె ఉండేదట. ఊరందరూ తమ ఆవులకు అదే కావాలన్నారు. ఆమె కూడా సరేనంది. పుట్టిన దూడల్లో చాలావాటికి వెనక కాళ్లు వంకర. "ఒక రైతు దూడను ఎత్తుకొని ఆరు మైళ్లు నడిచొచ్చి నా ముందర పెట్టినాడు. ఆ కోడె యాడిదని నేను ఒక్కమాట అడిగుంటే తెలిసేది. అడగలేదు. అప్పట్నుంచి అడగతానే ఉండాను," అంది. తర్వాత పెన్ను కోసం బల్లమీద వెతికింది. తలలో ఉందని ఆ అమ్మాయి చెప్పింది.

ఆ పాము డాక్టరమ్మ దగ్గరే ఉండిపోయింది. షిఫ్టుల మధ్య దాన్ని చూసుకోవడం ఆ అమ్మాయికి కష్టమని ఆమే ఉంచుకుంది. దానికోసం ఎత్తు లేని పెట్టె చేయించింది, ఎక్కి పడిపోకుండా. మేతను మూతికి ఆనించినంత దగ్గరగా, కదలకుండా పట్టుకొని, అది ఎన్నిసార్లు తప్పినా ఓపిగ్గా కూర్చునేది. నాకూ నేర్పింది. "తలమీద చెయ్యి వెయ్యొద్దు. పొట్ట కింద రెండు చేతులూ పెట్టి మొత్తం మొయ్యి. పడిపోతా ఉండాననే భయం దానికి ఎప్పుడూ ఉంటాది." ఆ అమ్మాయి రెండు నెలలకోసారి వచ్చి చూసిపోయేది. నాతో మాట్లాడడానికి మాత్రం ఏడాది పట్టింది. నేను మా ఆడ, మగ పాములను మళ్లీ కలవనీయకుండా వేరువేరు పెట్టెల్లో పెట్టాను. ఆ తర్వాత మా ఇంట్లో గుడ్లు లేవు.

రెండేళ్ల కిందట డాక్టరమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. వాళ్లమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయిందట. వారానికి రెండుసార్లు తిరుపతికి పోయి రక్తం శుభ్రం చేయించుకొనేది. కారులో నేను తీసుకుపోయిన రోజులున్నాయి. కిటికీలోంచి పొలాల్లో మేస్తున్న ఆవులను చూసి, "ఆ ఎర్రదానికి కాలు నొప్పుండాది, సూడు," అనేది. ఒకసారి దారిలో నేను ఏడవబోతుంటే నవ్వింది.

"మా అమ్మ నాకిచ్చింది రెండే. ఈ ముక్కు, ఈ కిడ్నీలు. ముక్కు బాగానే పనిచేసింది. అయినా ఎవరూ డిజైన్ కోసం నన్ను పుట్టించలేదప్పా. ఆ పాముకూ నాకూ అంతే తేడా."

ఆమెను సాగనంపిన రోజు వీధంతా ట్రాలీ ఆటోలు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. శ్రీ సిటీ అమ్మాయి కూడా వచ్చింది. గోడ పక్కన నా దగ్గర నిలబడి, "పామును ఎవరు తీసుకుంటారన్నా?" అని అడిగింది. నేను తీసుకుంటానన్నాను. "నేను వచ్చి సూడొచ్చా?" అంది. ఎప్పుడైనా రమ్మన్నాను.

పెట్టెతో సహా ఇంటికి తెచ్చాను. పెళ్లయిన ఇన్నేళ్లలో పాముల గదిలో అడుగుపెట్టని నా భార్య, నిన్న పొద్దున గుమ్మంలో నిలబడి, "ఇదేనా ఆయమ్మ పెంచింది?" అని అడిగింది. లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. నేను ఏమీ చెప్పకుండానే రెండు చేతులూ చాచింది. పామును ఆమె చేతుల్లోకి మార్చాను. దాని బరువు తెలిసి ఆమె ఊపిరి బిగబట్టింది. పాము తల పైకి లేచింది, గాలిలో సున్నాలు చుడుతూ అటూ ఇటూ వెతికింది. ఆమె కదలకుండా కూర్చుంది. ఆ తల రెండుసార్లు ఆమె మోచేతి దగ్గరికి వచ్చి, తప్పిపోయి, మెల్లగా కిందికి దిగి ఒళ్లో చీర మడతమీద ఆనింది. నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికి పోయింది. తర్వాత ఊగడం ఆగింది.