మా వదిన భయం

శుక్రవారం పొద్దున కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లోని నా గదిలో పేపరు చదువుకుంటుంటే మా అన్న కూతురు రుమైథియా నుంచి ఫోన్ చేసింది. "బాబాయ్, అమ్మ లేవడం లేదు" అంది. అది డాక్టరు. లేవకపోవడమంటే ఏమిటో దానికి నాకంటే బాగా తెలుసు. అయినా అదే మాట మళ్ళీ అంది. నేను టాక్సీ పట్టుకుని వెళ్ళేసరికి మా వదిన మంచం మీద ఒక పక్కకి తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. నిద్రలోనే పోయింది. నాకు తెలిసి ఆ మొహం మీద భయం లేకపోవడం అదే మొదటిసారి. అందుకే ముందు నాకు నమ్మకం కుదరలేదు, ఇంకెవరో పడుకున్నట్టుంది.

పేటికను విజయవాడ విమానం ఎక్కించి వచ్చాక, ఇక్కడి తెలుగువాళ్ళు సంతాప సభ పెట్టారు. గోడకి పెద్ద బ్యానరు. దాని మీద ఆవిడ ఫొటో, కింద 'ధీరవనిత' అన్న మాట. మా సంఘం పెద్దమనిషి మైకు తీసుకుని, "ఆనాడు యుద్ధంలో కొండల మీద నేను దారి చూపించాను, మా చెల్లెమ్మ అందరికీ ధైర్యం నూరిపోసింది" అన్నాడు. ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు కొట్టడం కూడా మనవాళ్ళు ఈమధ్యే నేర్చుకున్నారు.

మా వదిన ధీరవనిత కాదు. పిరికిది. నా డెబ్భై ఏళ్ళలో అంత పిరికి మనిషిని ఇంకొకర్ని చూడలేదు. ఆ పిరికితనం వల్లే నేను బతికి ఉన్నాను, ఆ మైకు పట్టుకున్నాయన కూడా బతికి ఉన్నాడు. ఇది ఎవరో ఒకరు రాసిపెట్టాలి కాబట్టి రాస్తున్నాను.

ఆవిడ ఒంటరిగా లిఫ్టు ఎక్కేది కాదు. ఎవరో ఒకరు వచ్చేదాకా కింద నిలబడి ఉండేది, వచ్చినవాడి మొహం నచ్చకపోతే వాడిని వెళ్ళనిచ్చి ఇంకొకరి కోసం చూసేది. మా అన్న పోయాక ఆవిడ ఉంటున్న కూతురింట్లో, స్నానాలగదిలో రెండు డ్రమ్ముల నిండా నీళ్ళు ఎప్పుడూ ఉండాల్సిందే. కూరగాయలకి వెళ్ళినా పాస్‌పోర్టు చేతిసంచిలో ఉండేది. ప్రభుత్వం సైరన్లు సరిగ్గా మోగుతున్నాయో లేదో చూసే రోజున, పేపర్లో ముందే వేసినా సరే, బూట్లు వేసుకుని తలుపు దగ్గర కుర్చీలో కూచునేది. అల్లుడు నవ్వితే, "నేనొక్కదాన్నే ఎంతకని భయపడను నాయనా? నువ్వు కూడా కాస్త భయపడు" అనేది. ఆ మాట నేను కొన్ని వందల సార్లు విన్నాను. గ్యాస్ కట్టేశావా అని నన్ను ఫోన్లో అడిగేది. కట్టేశానంటే, వెళ్ళి చూసి వచ్చి చెప్పమనేది. వెళ్ళకుండానే చూశానని చెబితే ఎలాగో తెలిసిపోయేది. "అడుగుల చప్పుడు వినపళ్ళేదే, అబ్బాయ్" అనేది. నాకు జుట్టంతా తెల్లబడ్డాక కూడా ఆవిడకి నేను అబ్బాయినే.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టులో మా అన్న సెలవు మీద ఊళ్ళో ఉన్నాడు. ఇక్కడ ఒకే ఫ్లాటులో వదిన, అయిదేళ్ళ పిల్ల, నేను చిక్కుకున్నాం. మా పాస్‌పోర్టులన్నీ కంపెనీ ఇనప్పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి కఫీల్ దగ్గరుంది, అంటే మా వీసాలకి పూచీపడ్డ కువైటీ యజమాని దగ్గర. కఫీల్ ఎండలు తప్పించుకోవడానికి కుటుంబంతో ఏదో చల్లటి దేశం వెళ్ళాడు. మా కంపెనీలో ఒక ఇంజనీరు ఉండేవాడు. ఇప్పటి పెద్దమనిషి ఆయనే. ఆయన దగ్గర మ్యాపు ఉంది, మ్యాపు ఉన్నవాడే నాయకుడు. బాగ్దాద్ చేరాక అందరూ జోర్డాన్ వైపు బస్సులెక్కుతుంటే, అటు ఎడారి గుడారాల్లో నీళ్ళు దొరక్క జనం పడిపోతున్నారట, మనం ఉత్తరంగా టర్కీ వైపు పోదాం అన్నాడు. పోయాం. అక్కడ సరిహద్దు వంతెన మీద సిపాయిలు పాస్‌పోర్టు లేనివాళ్ళని వెనక్కి తోశారు. చివరికి ఒక మేకల కాపరి కొండ మీంచి దాటిస్తానన్నాడు.

ఆ కాపరి తోవ మొదట్లోనే ఆగి, నేల చూపించి, రెండు చేతులూ దగ్గరకి చేర్చి ఒక్కసారి విడదీసి "బుమ్" అన్నాడు. తర్వాత సన్నటి కాలిబాట చూపించి తల ఊపాడు. అంతకుముందు యుద్ధంలో ఆ కొండల నిండా మందుపాతరలు పెట్టి వదిలేశారని మేం తర్వాత చదువుకున్నాం. అప్పటికి మాకు తెలిసింది ఆ "బుమ్" ఒక్కటే. కొంత దూరం వెళ్ళాక బాటకి పక్కన ఒక కంచరగాడిద చచ్చి పడి ఉంది. ముందు కాళ్ళు లేవు. మా వదిన పిల్ల మణికట్టుని తన కొంగుకి ముడేసుకుంది. అక్కణ్ణుంచి ఆవిడ పళ్ళు టకటక కొట్టుకోవడం నాకు వెనక నుంచి వినపడుతూనే ఉంది.

యుద్ధాల మీద నేను చాలా పుస్తకాలు చదివాను. వాటిలో వంతెనలు పేలతాయి, సేనాపతులు గుర్రాలు దిగుతారు, గాయపడినవాళ్ళు తల్లిని తలుచుకుంటారు. ఎవరికీ ఒంటికి మాత్రం రాదు. మాకు వచ్చింది. మగవాళ్ళం నిలబడ్డచోటే అటు తిరిగి కానిచ్చేశాం. ఆడవాళ్ళు పొద్దుటినుంచి ఉగ్గబట్టుకుని నడుస్తున్నారు. అరబ్బుల ఇంట్లో పనిచేసే కడప జిల్లా ఆవిడ ఒకతె మాతో ఉంది. ఆమె ఇక ఆగలేక, ఓ బండరాయి చూసుకుని బాట దిగబోయింది. వదిన వెనక నుంచి ఆమె జడ పట్టుకుని లాగింది.

"ఎక్కడికే?"

"చాటుకక్కా. ఆ రాతెనక్కి."

"చాటూ లేదు, గీటూ లేదు. ఇక్కడే, బాటలోనే కూచో."

"అయ్యో, మగోళ్ళుండారు గదక్కా! సిగ్గుతో సచ్చిపోతా."

"సిగ్గుతో చస్తే నేను చూసుకుంటాను. కూచో ముందు."

ఇంజనీరుగారికి కోపం వచ్చింది. "ఏమిటండీ ఈ అసహ్యం? నాలుగడుగులు చాటుకెళితే ఏం పోయింది? మనం మనుషులం, పశువులం కాదు" అన్నాడు.

మా వదిన వెనక దూరాన చచ్చి పడి ఉన్న కంచరగాడిద వైపు వేలు చూపించింది. "అది కూడా చాటుకే వెళ్ళుంటుందండీ" అంది.

ఎవరూ నవ్వలేదు. సంచిలోంచి దుప్పటి తీసి ఒక కొస నా చేతికిచ్చింది. రెండో కొస ఇంజనీరుగారికి ఇవ్వబోతే ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆ కొసని కాపరి పట్టుకున్నాడు. మేమిద్దరం కళ్ళు మూసుకుని నిలబడ్డాం. ఆడవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ బాట మధ్యలోనే కూచుని లేచారు. చివర మా వదిన. దుప్పటికి అటువైపు ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. మన ఇళ్ళల్లో వదిన అంటే ఎంత మర్యాదో తెలిసినవాళ్ళకి, ఆ ఏడుపు దేనికో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. సాయంత్రానికి అవతలి వైపు దిగాం. ఒక్కరూ తగ్గలేదు. ఆ దుప్పటి సంగతి ఆవిడ మళ్ళీ జన్మలో నా దగ్గర ఎత్తలేదు.

ఇంజనీరుగారు ఎత్తాడు. యుద్ధం అయ్యాక అందరం తిరిగొచ్చాం, ఆయన సంఘానికి పెద్ద అయ్యాడు, ప్రతి పిక్నిక్కులోనూ బిర్యానీ తిన్నాక అదే కథ. "మన చెల్లెమ్మ రెండు దేశాల సరిహద్దు మీద ఏం చేసిందో తెలుసా?" అని మొదలుపెట్టేవాడు. ఒకసారి దుప్పటి పట్టుకున్నది తానేనన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. మా వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని పళ్ళెంలోకి చూస్తూ కూచునేది. "ఎందుకు పడతావ్? నాలుగు కడిగెయ్యి" అన్నాను ఒకసారి. "నవ్వనీలే అబ్బాయ్. నవ్వడానికి అందరూ ఉన్నారుగా" అంది.

పోయిన వసంతంలో సంఘం కుర్రకారు ఆ కొండదారిలో ట్రెక్కింగు పెట్టారు. ఇప్పుడక్కడికి విమానాలున్నాయి, హోటళ్ళున్నాయి, నడిపించే గైడ్లున్నారు. సరిహద్దు దాటనివ్వరు, గట్టు దాకా ఎక్కి దిగిరావడమే. తనని కొంగుకి కట్టుకుని నడిపించిన చోటు చూడాలని మా అన్న కూతురు పట్టుబట్టింది. "అది వెళితే నేనూ వెళ్ళాలి. ఎక్కడ కాలు పెడుతుందో ఏమో" అని వదిన బయల్దేరింది. ఆవిడని చూసుకోవాలని నేను వెళ్ళాను. ముందు వరసలో కొత్త బూట్లతో పెద్దమనిషి.

ముందురోజు వాన పడింది. నేలంతా మెత్తగా, గడ్డి పచ్చగా, దూరంగా మంచు కొండలు. బాట పొడుగునా రాళ్ళకి రంగులు వేసి ఉన్నాయి. గైడు అరబ్బీలో చెబితే నేను తెలుగు చేశాను: తెల్ల రంగు ఉన్నవైపు నేల వెతికి శుభ్రం చేశారు, ఎర్ర రాయి దాటితే అటువైపు ఇంకా చెయ్యలేదు. పెద్దమనిషి చెయ్యి ఊపి, "ఈ దారి నాకు కొత్తా?" అన్నాడు. మా వదిన ఒక్కొక్క పిల్లనీ పిల్లాడినీ ఆపి ఎర్ర రాళ్ళు చూపించి, "కాస్త భయపడండమ్మా, నా మాట విని కాస్త భయపడండి" అని బతిమాలుకుంది. వాళ్ళు ఆవిడతో సెల్ఫీలు తీసుకున్నారు.

సగం దారిలో నీళ్ళు తాగడానికి ఆగాం. పెద్దమనిషికి షుగరు. ఆపుకోలేడు. చుట్టూ ఆడపిల్లలు. తిరిగొచ్చాక ఆయన అందరితో, పాత దారి ఎక్కడుందో పరిశీలించడానికి పక్కకి వెళ్ళానన్నాడు. ఆయన వెళ్ళింది ఒంటికి. చాటుకి.

గైడు అరబ్బీలో ఆగమని, "ఓగఫ్!" అని అరిచాడు. ఆ అరుపుకి అందరం ఉన్నచోటే బిగుసుకుపోయాం. గడ్డి కమ్మేసిన ఎర్ర రాయి దాటి, ఇంకా నాలుగైదు అడుగుల అవతల ఆయన మాకు వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. మెల్లగా తల ఒక్కటే తిప్పాడు. రాయి చూశాడు. మొహంలో నెత్తురు లేదు. గైడుని పిలవలేదు, నన్ను పిలవలేదు. "చెల్లెమ్మా" అన్నాడు.

కదలొద్దు, మందుపాతరలు తీసేవాళ్ళకి ఫోన్ చేస్తానన్నాడు గైడు. అక్కడ ఫోన్ పలకలేదు. ఆయన కాళ్ళు అప్పటికే వణుకుతున్నాయి. ఎటు తూలి పడినా అయిపోయినట్టే. మా వదిన తెల్ల రాయి పక్కన చతికిలబడింది.

"అన్నయ్యగారూ, వెనక్కి తిరక్కండి. బురదలో మీ బూటు గుర్తులు నాకు కనిపిస్తున్నాయి. నేను చెప్పినట్టు వెనక్కే వెయ్యండి కాలు."

నేను అరబ్బీలో చెప్పాను. గైడు ఆ గుర్తులు చూసి, అవునని తల ఊపాడు.

"భయమేస్తోంది చెల్లెమ్మా."

"వెయ్యనివ్వండి. నాకూ వేస్తోంది. కుడికాలు. ఇంకొంచెం ఇటు... కాదు కాదు, దింపకండి! ఆఁ, ఇప్పుడు దింపండి."

"పడిపోతానేమో."

"పడితే నేను కూడా ఛస్తాను, గుండాగి. అంచేత పడకండి. ఎడమకాలు."

చెబుతూ ఏడుస్తోంది. వింటూ ఆయనా ఏడుస్తున్నాడు. ఒక్కొక్క కాలూ గాలిలో ఉన్నంతసేపూ నాకు కొండ అంతా చెవులు రిక్కించి వింటున్నట్టుంది. చివరి అడుగుకి గైడు ఆయన నడుము పట్టుకుని బాట మీదికి లాగేశాడు.

ప్యాంటు తడిసిపోయి ఉంది. ముప్పై అయిదేళ్ళ బాకీ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదని నేను వదిన మొహం వైపు చూశాను. ఆవిడ ఒంటి మీది శాలువా తీసి ఆయన నడుముకి చుట్టి, "అన్నయ్యగారికి చలేస్తోందిట" అని పిల్లలకి చెప్పింది. నా వైపు తిరిగి, "ఎవరితోనూ అనకు అబ్బాయ్" అంది.

ఆ మైకులోంచి రెండు అబద్ధాలు వినేదాకా నేను ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అన్నాను. ఆవిడ ఉంటే నా మీద కోప్పడేది, ఇంత పచ్చిగా రాస్తావా అని ఆయన తరఫున మాట్లాడేది. కానీ ధైర్యం అనే మాటని ఆవిడ ఫొటో కింద వదిలేసి ఊరుకోలేను. ధైర్యవంతుడు ఆయనే, రెండుసార్లూ: మొదటిసారి చాటుకి వెళ్ళమన్నాడు, రెండోసారి తనే వెళ్ళాడు. నా వదిన మాత్రం అందరి వంతూ తనే భయపడింది.

దిగేటప్పుడు ఆవిడకి కాళ్ళు ఆడలేదు. నన్ను ముందు నడవమని, వెనక నుంచి నా చొక్కా పిడికిట్లో పట్టుకుంది. నేను కాలు ఎత్తిన చోట తను కాలు పెడుతూ మొత్తం కొండ అలాగే దిగింది. బస్సులో నా వెనక సీట్లో కూచుంది. కొండలు వెనకబడ్డాయి, తారు రోడ్డు వచ్చింది, ఊరు వచ్చింది, పిల్లలు పాటలు మొదలెట్టారు. సీట్ల సందులోంచి ఆ పిడికిలి ఇంకా నా చొక్కా మీదే ఉంది. నిద్రపోయిందేమో, చెయ్యి నొప్పెడుతుందేమోనని, విడిపించుకుందామని కాస్త ముందుకి వంగాను. పిడికిలి బిగుసుకుంది.