కూర్చుని అడిగిన రోజు

పొద్దున్న వాన వెలిసింది. బంటింగ్ పట్నం దారిలో ఉన్న మా చిన్న ఊళ్ళో, వీధి చివర పనివాళ్ళు లొంగ్‌కాంగ్‌లోంచి నల్లమట్టి ఎత్తిపోస్తున్నారు. మురుగుకాలువని ఇక్కడ అందరం అలాగే అంటాం. ఆ వాసనకి ఎవరైనా ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం సింహాద్రి బాబాయి గుర్తొస్తాడు. ఈ మాట వింటే ఆయన పగలబడి నవ్వేవాడు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. పోర్ట్ క్లాంగ్‌లో గుమాస్తాగా రిటైరయ్యాక ప్రభుత్వం ఆయన్ని మా పేటకి కౌన్సిలరుగా వేసింది; ఇక్కడ కౌన్సిలర్లకి ఎన్నికలుండవు. మెకానిక్ షాపు పైగదిలో ఆయన ఆఫీసు, అందులో నేను టైపిస్టుని. బ్రిక్‌ఫీల్డ్స్‌లో పాత పుస్తకాల కొట్లో దొరికిన, అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకమొకటి ఆయనకి ప్రాణం. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఏదో ఊరికి మేయరుగా చేసినాయన జీవితకథ అది. టీ తాగుతూ నాకు విడతలుగా చెప్పేవాడు. ఆ మేయరు చెప్పులు కుట్టేవాళ్ళ ఇంట పుట్టాడట. పదవిలోకొచ్చిన మొదటిరోజే, అర్జీలు పట్టుకొచ్చేవాళ్ళ కోసం తన గదిలో బెంచీలు వేయించాడట. ఊరి పెద్దలకి ఒళ్ళు మండి తర్వాతి ఎన్నికల్లో ఓడించారట.

“ఓడిపోయినాడు కదా బాబాయ్, ఏటి లాభం?” అన్నాను.

“బెంచీలు ఎవులూ తియ్యనేదమ్మా,” అన్నాడు.

మాది, తాతల కాలంలో ఓడెక్కి ఈ దేశానికొచ్చిన పాత ఎస్టేటు కూలీల ఇళ్ళ వరస. రోడ్డు కింద గొట్టం ఇరుకు కావడంతో గట్టి వాన పడితే మురుగు వంటింట్లోకి వచ్చేసేది. మా నానమ్మ మంచం ఎప్పుడూ ఇటుకల మీదే ఉండేది. కౌన్సిలుకి పదమూడు ఉత్తరాలు రాశాను. పద్నాలుగోది చూసి బాబాయి కళ్ళజోడు తీశాడు. “ఎన్నిసార్లు దయసేసి అన్నావే? కౌన్సిలుకి రాసినావా, దేవుడికి రాసినావా?” నాకు కోపమొచ్చింది, కానీ ఆయన అన్నది నిజమే.

చివరికి బాబాయి ఇంజనీరుని మా కమ్యూనిటీ హాలుకి రప్పించాడు. గొట్టం మార్చక్కర్లేదని ఇంజనీరు ముందే కాగితం రాసుకొచ్చాడు. ఆ కాగితం మా చేతిలో పెట్టి వెళ్ళిపోతే మళ్ళీ ఏడాది మునకే. హాలు నిండా కుర్చీలు వేశాం. మావాళ్ళు ఒక్కరూ కూర్చోలేదు. ఎస్టేటులో దొర ముందు నిలబడే ఏదైనా అడగాలి. ఎస్టేటు పోయి ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. అందరూ చేతులు కట్టుకుని గోడవారన నిలబడ్డారు. ఇంజనీరు అది తనకిచ్చిన మర్యాద అనుకుని, ఐదు నిమిషాల్లో ముగిద్దామన్నాడు.

“మావాళ్ళు కూర్చోకుండా మీటింగు లేదు,” అని బాబాయి ఆయనకి తమిళంలో చెప్పి మా వైపు తిరిగాడు, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే ‘లా’తో సహా. “కూకోండి లా! ఇది దొర బంగళా కాదు, మన హాలు. పెద్దమ్మా, ముందు నువ్వు కూకో.”

నానమ్మ చీర సర్దుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఆవిణ్ణి చూసి ఒక్కొక్కరే కూర్చున్నారు. నేను మాట్లాడ్డానికి లేవబోతే బాబాయి భుజం నొక్కాడు. “కూకునే అడుగు. దయసేసి అనకు.”

కూర్చునే అడిగాను. వంటింట్లో నీళ్ళ సంగతి, ఇటుకల మీద మంచం సంగతి అన్నీ చెప్పాను. ఇంజనీరు గడియారం చూసుకుని, వచ్చేవారం వచ్చి చూస్తానన్నాడు.

“అందాకా మేమిక్కడే కూర్చుంటాం,” అంది నానమ్మ, ఆయనకి తెలియాలని తమిళంలోనే. హాలంతా గొల్లున నవ్వింది. ఆ సాయంత్రమే ఆయన బూట్లు వేసుకుని కాలువలోకి దిగాడు.

వానలు మొదలయ్యేలోపు పెద్ద గొట్టం పడింది. మొదటి జడివానకి వరసంతా గుమ్మాల్లోకి వచ్చి చూశాం. నీళ్ళు రోడ్డు కిందనించి హోరున పోతున్నాయి! నానమ్మ మంచం నేలమీదకి దింపుతూ నేను ఏడ్చేశాను.

మరుసటిసారి కౌన్సిలర్ల జాబితాలో బాబాయి పేరు లేదు. ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడాయన లేడు, ఆయన చేసిన కౌన్సిలరు పనిలో నేనున్నాను. మొన్న ఒక పెద్దాయన నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అడక్కుండా ముందు కుర్చీ లాగి వేశాను. ఆయన కాసేపు మొహమాటపడి కూర్చున్నాడు. వెనక్కి ఆనుకున్నాడు. తర్వాత గొంతు పెంచి, వీధిదీపాలు వెలగట్లేదని నన్నే కడిగిపారేశాడు. ఎంత సంతోషమేసిందో!